అత్తగారి వేషంలో మా అత్తయ్య

జూన్ 7, శనివారం

నువ్వు నవ్వావు. కాదనకు. ఈ పేజీలు ఏనాడైనా ఎవరి చేతికైనా చిక్కితే, చదువుతున్న నీకే చెబుతున్నాను. ఆ హాల్లో ఉండి ఉంటే నువ్వూ నవ్వేదానివే, నవ్వేవాడివే. ఫోన్ తీసి వీడియో కూడా పట్టేవాడివి. పైగా సరదాకే కదా అని నాకే సర్దిచెప్పేవాడివి. కొట్టినవాళ్ళకంటే సరదాకే కదా అన్నవాళ్ళే మన ఆడవాళ్ళకి ఎక్కువ హాని చేశారని పాతికేళ్ళుగా రాస్తున్నాను. ఇవాళ నా పెళ్ళిరోజున, నా కళ్ళముందే రుజువైంది.

భాస్కర్ సర్‌ప్రైజ్ అన్నాడు. అల్ఫారెట్టాలో కొత్తగా తెరిచిన 'అత్తారిల్లు' రెస్టారెంట్. నేను, భాస్కర్, మా అమ్మాయి నిధి, అత్తయ్య వెళ్ళాం. గుమ్మంలోనే పంచె కట్టిన సర్వర్ ఒకతను "అల్లుడుగారొచ్చారూ" అని లోపలికి కేకేసి, భాస్కర్ చేతుల మీద చెంబుతో నీళ్ళు పోశాడు. నా చేతుల మీద పోయలేదు. "మీరు ఇంటి మనిషే కదమ్మా, పెరట్లో కడుక్కోండి" అని రెస్ట్‌రూమ్ వైపు చూపించాడు. అక్కడ సర్వర్లందరూ ఏదో ఒక చుట్టరికంలో ఉంటారు. వేషం దిగి మాట్లాడరు.

మామగారి వేషంలో ఉన్నాయన పేపర్ చంకలో పెట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తిరుగుతున్నాడు. "ఏమోయ్, ఐ వన్‌ఫార్టీ అయిందా, గ్రీన్‌కార్డ్ లైన్లో పడ్డావా? ఇంకా హెచ్‌వన్ వీసా మీదేనా? మా అమ్మాయినిచ్చి తొందరపడ్డాం." మరదలి వేషంలో ఉన్న పిల్ల బావగార్ల లడ్డూల్లో పచ్చిమిరపకాయ దాస్తోంది. ఆ మామగారి మాటలకి నేనూ కొంచెం నవ్వాననుకుంటాను. అది వేరు.

ఆ తర్వాత విస్తళ్ళు వేశారు. మగవాళ్ళ విస్తళ్ళలో పప్పు, గోంగూర, గుత్తివంకాయ, నెయ్యి. ఆడవాళ్ళ విస్తళ్ళు ఖాళీ. గంట కొట్టేదాకా మగవాళ్ళు తింటుంటే ఆడవాళ్ళు చూస్తూ కూర్చోవాలి. అదీ ఆట. హాల్లో ఉన్న ఆడవాళ్ళు, వాళ్ళలో కంపెనీ డైరెక్టర్లున్నారు, డాక్టర్లున్నారు, తమ ఖాళీ విస్తళ్ళని ఫొటోలు తీసుకుంటున్నారు.

అత్తగారి వేషంలో ఉన్న అమ్మాయి జుట్టుకి పౌడర్ కొట్టుకుని, బొడ్లో తాళాలగుత్తి దోపుకుని, నా దగ్గరికొచ్చింది.

"ఏమ్మా కోడలా, కూర్చుండిపోయావు. లే, మీ ఆయనకి వడ్డించు. గరిటె మోగకూడదు, గాజులు మాత్రం మోగాలి."

లేచాను. వడ్డించడానికి కాదు. చల్లారిన అన్నం, అడుగంటిన కూర తిని మన అమ్మమ్మలు రక్తం లేక తూలిపోతూ బతికిన సంగతిని మీరు ఆటగా అమ్ముతున్నారు అని చెప్పాను. ఇంకా చెప్పాను. నా గొంతు పెద్దది. హాలంతా వినిపించింది. ఆ అమ్మాయి పేరు హాసిని అని తర్వాత తెలిసింది. ముఖం పాలిపోయి, వేషం మర్చిపోయి, "సారీ ఆంటీ, స్క్రిప్ట్‌లో అలాగే ఉంది" అంది.

అప్పుడు మా అత్తయ్య నోరు విప్పారు. తలెత్తలేదు. తన ఖాళీ విస్తరి మీద నీళ్ళు చిలకరిస్తూ అన్నారు.

"ఆవిడ వడ్డించదులేమ్మా. మా కోడలు ఉపన్యాసమే వడ్డిస్తుంది. వేడివేడిగానే ఉంటుంది. కడుపే నిండదు."

హాలు విరగబడి నవ్వింది. హాసిని ఊపిరి పీల్చుకుని నవ్వింది. భాస్కర్ నవ్వాడు. నా కూతురు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఓనర్ జితేందర్ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, మస్తు చెప్పిన్రు. మీలాంటోళ్ళే గావాలె మాకు" అని కార్డ్ ఇచ్చాడు.

ఇరవై రెండేళ్ళలో అత్తయ్యకీ నాకూ ఒక్క మాట తేడా రాలేదు. ఇది నేను నలుగురిలో చెప్పుకునే విషయం.

జూన్ 8, ఆదివారం

నాకు కోపం లేదు. ఉన్నది సిద్ధాంతపరమైన అభ్యంతరం.

జూన్ 11, బుధవారం

అత్తయ్యే ఫోన్ చేశారట. ఆ కార్డ్ మీదున్న నంబరుకి, తనంతట తాను. శుక్ర, శనివారాల సాయంత్రాలు అత్తగారి వేషం. హాసినికి మరదలి వేషం ఇస్తారట.

డిన్నర్ దగ్గర భాస్కర్ చెప్పాడు. అత్తయ్య టేబుల్ దగ్గర లేరు. తర్వాత తింటానన్నారు.

"అమ్మ సరదాపడుతోంది ఉమా. గ్రీన్‌కార్డ్ ఉంది, లీగల్‌గా ప్రాబ్లం లేదు."

"లీగల్ సంగతి నేనడగలేదు."

"మరేం అడుగుతున్నావు?"

"ఈ వయసులో గంటలకొద్దీ నిలబడితే మోకాళ్ళు పోతాయని చెప్పు."

"పక్కగదిలోనే ఉందిగా, నువ్వే చెప్పు."

"కొడుకువి. నువ్వు చెప్తే బావుంటుంది."

వెళ్ళాడు. వచ్చాడు.

"మోకాళ్ళు తనవే అంది."

అత్తాకోడళ్ళ మధ్య మాటలు పెరగకూడదనే నేను ఎప్పుడూ భాస్కర్ ద్వారా చెప్తాను. ఇన్నేళ్ళ ప్రశాంతత ఊరికే రాలేదు.

జూన్ 14, శనివారం

నిన్న మొదటిరోజు. భాస్కర్ దింపి, తీసుకొచ్చాడు. నిధి వెనకాలే వెళ్ళి వీడియో తీసింది. ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. నేను చూడలేదు. చూడను.

జూన్ 16, సోమవారం

వీడియో మొదట్లో శబ్దం సరిగ్గా లేదు. రెండో నిమిషం నుంచి బాగుంది.

అత్తయ్య నీలం వెంకటగిరి చీరలో ఉన్నారు. ఆ చీర నేనే కొన్నాను, ఏ పండక్కీ కట్టుకోలేదు. ఒక టేబుల్ దగ్గర ఆగి, ఎవరో కుర్రాడిని అడుగుతున్నారు.

"నాయనా, పెళ్ళాం మాట వింటావా?"

"వింటానండీ."

"మరి ఆ ఫోన్లోకి చూస్తున్నావేం? అందులో ఉందా?"

జనం నవ్వారు. ఇంకో టేబుల్. ఎవరో ఆవిడ అడిగింది, "మీ కోడలు ఎలాంటిదండీ అత్తగారూ?" అని. అత్తయ్య తాళాలగుత్తి సవరించుకున్నారు.

"నా కోడలా? బంగారం. లోకంలో ఆడవాళ్ళందరి కష్టాల గురించీ రాస్తుంది. నన్ను మాత్రం, 'అత్తయ్యా, మీరు రెస్ట్ తీసుకోండి' అంటుంది. ఇక్కడికొచ్చి ఆరేళ్ళు. ఆరేళ్ళూ రెస్టే. ఆసుపత్రిలో కూడా ఇంతకాలం ఉంచరమ్మా."

జనం బల్లలు చరిచారు.

నేను ఆవిడ్ని పని చెయ్యనివ్వను. వంట కూడా వద్దన్నాను, ఆవిడే చేస్తానంటే సరే అన్నాను. ఇందులో నవ్వడానికేముంది? కోడలి చేత చాకిరీ చేయించుకునే అత్తల గురించి రాశాను. అత్త చేత చాకిరీ చేయించుకునే కోడళ్ళ గురించీ రాశాను. మూడోరకం నేరం ఒకటుందని నాకెవరూ చెప్పలేదు.

జూన్ 19, గురువారం

వెబ్ పత్రికలో నా కాలమ్ వచ్చింది. పేరు 'ఎంగిలి హాస్యం'. నేను రాసినవాటిలో గట్టిదని నా నమ్మకం. ఒక సమాజం తన సిగ్గుచేటుని మెనూలో పెట్టుకుని ఆర్డరిచ్చుకుంటోందంటే, అది దాన్ని దాటివచ్చిందని కాదు, దాటినట్టు నటించడానికి అలవాటుపడిందని రాశాను. ఇక్కడ పుట్టిన మన ఆడపిల్లలకి ఖాళీ విస్తరి అంటే ఫొటో అని నేర్పుతున్నాం అని రాశాను. ఆ రెస్టారెంటుకి వెళ్ళకండి అని రాశాను. ప్రతి వాక్యం వెనకా నిలబడతాను.

మొదటి కామెంట్: "మేడం, అక్కడ అత్తగారు మీ అత్తగారేగా? మేం శనివారానికి బుక్ చేశాం."

జూన్ 20, శుక్రవారం

ఆఫీస్ కాఫీ మెషీన్ దగ్గర ఫణి. నా టీమ్‌లోనే ఉంటాడు, మర్యాదస్తుడే.

"ఉమ గారూ, మీ మదర్ ఇన్ లా సూపరండీ. మా ఆవిడ కడుపుబ్బ నవ్వింది. ఆ రెస్ట్ జోక్ మీమీదేనా?"

"నా కాలమ్ చదివారా?"

"ఆ, చూశానండీ. లింక్ ఉంది. అందులోంచే కదా రిజర్వేషన్ పేజీకి వెళ్ళాం."

ఆ లింక్ నేను ఆధారంగా ఇచ్చాను.

జూన్ 22, ఆదివారం

భాస్కర్‌కి బెంటన్‌విల్‌లో క్లయింట్ పని పడింది. రేపు బయల్దేరి జులై రెండో వారానికి గానీ రాడు. సూట్‌కేస్ సర్దుకుంటూ అన్నాడు.

"అమ్మని నువ్వే దింపాలి."

"సూత్రప్రాయంగా నాకు అభ్యంతరం ఉందని తెలుసు కదా. ఉబర్ బుక్ చేయి."

"ఒక్కతే ఎక్కదు ఉమా, భయం. నిధి ఇంకా లెర్నర్స్ పర్మిట్ మీద ఉంది, తను ఒక్కతే డ్రైవ్ చెయ్యకూడదు. నువ్వు దింపకపోతే అమ్మ అడగదు కూడా. ఇంట్లో కూర్చుండిపోతుంది. అంతే, అయిపోతుంది."

అయిపోవాలనే కదా నేను అనుకున్నది. ఆపడం ఇంత సులువని తెలియదు.

జూన్ 27, శుక్రవారం

అత్తయ్య తయారయ్యారు. నీలం చీర, బొడ్లో తాళాలగుత్తి, తలలో నిధి కోసిచ్చిన పువ్వులు. షూ రాక్ పక్కన ఉన్న బెంచీ మీద కూర్చున్నారు. నేను డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందున్నాను. రాస్తున్న వ్యాసం అర్జెంట్. అర్జెంటే.

అడిగితే దింపేదాన్ని. అడగలేదు.

జితేందర్ ఫోన్ చేసినట్టున్నాడు. "ఇవాళ ఒంట్లో బాలేదు బాబూ" అన్నారు. ఇంకాసేపు కూర్చున్నారు. తర్వాత లోపలికెళ్ళి చీర మార్చుకున్నారు.

జూన్ 28, శనివారం

పొద్దున్న నిధి.

"మామ్, నువ్వు నానమ్మని గ్రౌండ్ చేశావు, ఇంట్లోంచి కదలకుండా."

"నేనేం చెయ్యలేదు. తను అడగలేదు."

"తనకి కార్ లేదు, కీస్ నీ దగ్గర ఉన్నాయి. అది నువ్వు రాసే మెన్ చేసే పని కదా, లిటరల్లీ."

"అది అణచివేత, ఇది వేరు. ఆవిడ వెళ్తున్నది ఆడవాళ్ళని ఖాళీ విస్తరి ముందు కూర్చోబెట్టే చోటికి."

"మన ఇంట్లో నానమ్మ ఎప్పుడూ లాస్ట్ తింటుంది. ప్రతి రోజు. అట్ లీస్ట్ అక్కడ బెల్ కొడతారు."

అది ఆవిడ ఎంచుకున్న అలవాటు అని చెప్పాను. ఎంచుకోవడానికీ అలవాటుకీ ఉన్న తేడా వివరించాను. నేను ఎన్నోసార్లు పిలిచానని, బలవంతంగా కూర్చోబెట్టడం కూడా ఒకరకం పెత్తనమేనని చెప్పాను. నిధి భుజాలెగరేసి వెళ్ళిపోయింది. వాదనలో నేనే గెలిచాను.

సాయంత్రం కారు తీశాను.

కమ్మింగ్ దాటగానే ఫోర్ హండ్రెడ్ హైవే మీద ట్రాఫిక్ ఆగిపోయింది. అత్తయ్య పక్కసీట్లో, ఒళ్ళో తాళాలు. ఇద్దరమే కారులో కూర్చోవడం ఎప్పుడు జరిగిందో గుర్తురాలేదు. ఎప్పుడూ భాస్కర్ ఉంటాడు.

"నిన్న అడగొచ్చు కదా అత్తయ్యా."

"అడిగితే దింపుతావమ్మా. నువ్వు కాదనవు. నువ్వు ఎప్పుడూ కాదనవు."

"కాదనకపోవడం కూడా తప్పేనా?"

"భాస్కర్ అయితే, అబ్బా అమ్మా, ఇవాళ కుదరదు అని విసుక్కుంటాడు. నేను తిడతాను. వాడు దింపుతాడు. నువ్వు విసుక్కోవు."

"పెద్దవాళ్ళని విసుక్కోవడం నాకిష్టం ఉండదు."

"అదే చెప్తున్నా."

ముందున్న కార్లు కదల్లేదు. నాకు ఆ వీడియో గుర్తొచ్చింది. అనకూడదనుకుంటూనే అన్నాను.

"నా మీద ఏదైనా ఉంటే నాతో చెప్పాలి గానీ అక్కడ జనం ముందు చెప్తారా? నా ఆఫీసులో నవ్వుతున్నారు."

"నీతోనా? నీతో చెప్తే వింటావు. విని, అలాగే అత్తయ్యా అంటావు. సాయంత్రానికి భాస్కర్ వచ్చి, ఉమ ఇలా అంటోందమ్మా అంటాడు. ఒకే ఇంట్లో ఉండి కబుర్లు పంపించుకుంటామా, కోర్టు కేసులో ఉన్నవాళ్ళలాగా?"

"గొడవలు రాకూడదని."

"గొడవలు రాకూడదని. ఫోన్లో ముక్కూమొహం తెలియనివాడితో పూటంతా గొడవపడతావు. వాడు ఏదో కూశాడని నీకు అన్నం సయించదు. వాడికి జవాబు రాసి, చెరిపేసి, మళ్ళీ రాస్తావు. మొన్న నేను, ఆడపిల్లకి అంత చదువెందుకు అన్నాను, నిధి గురించి. గుర్తుందా? కావాలనే అన్నాను. నువ్వు నవ్వి మజ్జిగ పోశావు. అదే మాట వేరేవాడు అంటే వాడి తాట తీసేదానివి. నా మాట పోట్లాటక్కూడా పనికిరాదా ఉమా?"

నా గొంతు లేచింది.

"సరే. పోట్లాటే కావాలా? అయితే వినండి. మీరు చేస్తున్నది తప్పు. ఆ ఖాళీ విస్తరి ఆట దరిద్రం. దాని పక్కన నిలబడి మీరు జోకులేస్తున్నారు."

"ఆ విస్తరి ముందు నేను నిజంగా కూర్చున్నాను. మా అత్తగారి దగ్గర, పదిహేనేళ్ళు. నువ్వు కూర్చోలేదు."

"కూర్చున్నవాళ్ళు దాన్ని ఆట చేస్తే ఇంకా తప్పు. మీకు తెలిసి చేస్తున్నారు."

"తప్పే. అయితే ఏంటంట? ఆ తప్పుతోబాటు నాకో సాయంత్రం దొరుకుతోంది. నేను నోరు తెరిస్తే అందరూ ఇటు తిరుగుతున్నారు. నీ ఒప్పుతో నాకేం దొరికింది? ఆ కిటికీ, దాంట్లోంచి పక్కవాళ్ళ గ్యారేజీ."

"టెంపుల్‌కి తీసుకెళ్తున్నాం కదా."

"పార్కింగ్ దొరికితే."

"ఇది అన్యాయం అత్తయ్యా. మీరొచ్చిన ఏడాది సీనియర్స్ క్లబ్‌లో చేర్పిస్తానంటే మీరే వద్దన్నారు."

"వద్దంటే మళ్ళీ అడగవా? నీ వ్యాసం వద్దంటే ఆ పత్రికవాళ్ళని మళ్ళీ అడగవా నువ్వు?"

"అడుగుతాను."

"ఆఁ."

ట్రాఫిక్ కదిలి మా ఎగ్జిట్ కూడా దాటిపోయాం. ఇద్దరం గట్టిగా అరుస్తున్నామని పక్క కారులో ఆవిడ అద్దం ఎక్కించుకున్నాకగానీ నాకు తెలియలేదు. అత్తయ్య చెంపలు ఎర్రబడ్డాయి. ఆవిడ్ని అంత హుషారుగా ఇంట్లో ఎన్నడూ చూడలేదు. వీడియోలో చూశాను.

జితేందర్ బయటే నిలబడి ఉన్నాడు. "లేటైందమ్మా, జనం అడుగుతున్నరు." అత్తయ్య దిగుతూ అతనితో, "మా కోడలితో పోట్లాడుతున్నాను, అందుకే" అన్నారు. గర్వంగా అన్నారు. ఎందుకంత గర్వమో అని నాకు కోపం వచ్చింది.

నేను లోపలికెళ్ళలేదు. సూత్రం సూత్రమే. పార్కింగ్‌లో కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నవ్వులు వినిపించాయి. ఏ మాటకి నవ్వుతున్నారో తెలియకపోవడం, తెలియడం కంటే కష్టం.

జూన్ 29, ఆదివారం

నిధి లేచేలోపే అత్తయ్య కాఫీ కలుపుతుంటే వంటింట్లోకి వెళ్ళాను. రాత్రంతా మాటలు పేర్చుకున్నాను గానీ, తీరా అక్కడ నిలబడ్డాక ఒక్కటే వచ్చింది.

"మీరు ఆ పని మానెయ్యండి అత్తయ్యా. భాస్కర్ చేత చెప్పించడం లేదు. నేనడుగుతున్నాను."

ఆవిడ స్టవ్ కట్టేశారు.

"నీ పరువు కోసమా, ఆడవాళ్ళ కోసమా?"

"రెండూ." తర్వాత నిజం చెప్పాను. "పరువు ఎక్కువ."

"ఇన్నాళ్ళకి అడిగావు. నాకు మానాలని లేదు. అక్కడ హాసిని నాకు రోజూ ఫోన్ చేస్తుంది తెలుసా? ఆ మామగారి వేషం ఆయన మా చీరాలే. అయినా మానేస్తాను, నువ్వు అడిగావు గనక. కానీ ఊరికే మానను. మీ ఆడవాళ్ళ మీటింగుల్లో డిమాండ్లని రాస్తారే, అలా నేను చెప్తాను, నువ్వు రాయి. మీ మాటలు పెట్టకు. నేను చెప్పినట్టే రాయి."

"దీని అవసరం ఏముంది అత్తయ్యా, మనిద్దరి మధ్య—"

"రాయి."

రాశాను. రెండోదాని దగ్గర వాదించాను, అది మర్యాదకి అనే మాట అన్నాను, ఓడిపోయాను. నాలుగోదాని దగ్గర వాదించడానికి ఏమీ దొరకలేదు. ఎంతోమంది కోసం ఎన్నో డిమాండ్లు రాశాను. ఇంత చిన్నవి రాయలేదు, ఇంత ఇబ్బందిగా ఎప్పుడూ రాయలేదు. 'అత్తారిల్లు' గురించి నా అభిప్రాయం మారలేదు. ఆ ఆట ఇప్పటికీ దరిద్రమే. ఆవిడ అక్కడ మానేస్తే ఇక్కడ ఏముందన్నదానికి నా కాలమ్‌లో ఒక్క వాక్యం లేదు. ఒప్పుకుంటానో లేదో శుక్రవారంలోపు చెప్పాలి. ఆవిడ చెప్పినట్టే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

ఒకటి. వారంలో రెండు సాయంత్రాలు నన్ను బయటికి తీసుకెళ్ళాలి. సరుకులకి వెళ్ళడం లెక్కలోకి రాదు.

రెండు. రెస్ట్ తీసుకోండి అనకూడదు.

మూడు. నేను వండింది బాగుండకపోతే బాగాలేదని నా మొహం మీద చెప్పాలి.

నాలుగు. ఇంటికొచ్చినవాళ్ళకి మా అత్తయ్య అని చెప్పి ఆపకూడదు. పేరు చెప్పాలి. నాగమల్లేశ్వరి.

ఐదు. నువ్వు రాసింది అచ్చుకి పంపేముందు నాకు చదివి వినిపించాలి. నచ్చకపోతే నచ్చలేదంటాను. అప్పుడు అలిగి వెళ్ళిపోకూడదు.

ఆరు. నాతో పోట్లాడాలి. మధ్యలో భాస్కర్‌ని పెట్టకూడదు.

ఏడు. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా, శుక్రవారం సాయంత్రం నన్ను అల్ఫారెట్టాలో దింపాలి.